‘కరెంటు’ శబ్దార్థ విమర్శనము

తెలుఁగునేలపై నేఁడు పండితుఁడును బామరుఁడును దినమునకుఁ బలుమాఱు పలుకు నాంగ్లశబ్దములలో ‘కరెంటు’ అనునది యొకటి. మిక్కిలి వాడుకలో నున్న పదముల యర్థము విచారింపఁ దగినదని తఱచుగాఁ దోఁపదు. విచారించినచో నీ శబ్దము పుట్టినింట నొక తీరునను మెట్టినింట వేఱొక తీరునను వర్తించుచున్నట్లు తేటపడును. ఆంగ్లమున నిది హలంతము, బహ్వర్థకము. తెలుఁగున నుకారాంతము, పరిమితార్థకము. ఈ రెంటిని నొకే శబ్దముగా నెంచుటచే ననువాదములకును నిఘంటువులకును, ఒక్కొక్కయెడఁ బ్రాణములకే కూడ హాని గలదు. ఆ భేదమును శాస్త్రరీతి నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఇందు ‘కరెంట్’ అని వ్రాసినచో నాంగ్లశబ్దమనియు, ‘కరెంటు’ అని వ్రాసినచోఁ దెలుఁగుశబ్దమనియుఁ జదువరులు గ్రహింతురుగాక.

ఈ విచారమునకు విజయవాడకుఁ బడమట గృష్ణాతీరమున నున్న యిబ్రహీంపట్నము తగిన చోటు. నార్ల తాతారావు పేరు వహించిన తాపవిద్యుత్కేంద్ర మిచ్చటనే కలదు. అందు మొదటి యంత్రము 1979లోఁ బనికి వచ్చెను. 210 మెగావాట్ల యంత్రము లాఱును, 500 మెగావాట్లది యొకటియు, 2023లోఁ జేరిన 800 మెగావాట్లది యొకటియుఁ గలవు. బొగ్గును గాల్చి, నీటిని ఆవిరి చేసి, ఆ యావిరిచేఁ జక్రములను ద్రిప్పి విద్యుత్తును బుట్టింతురు. యంత్రములను జల్లార్చుటకుఁ గృష్ణనుండి నీరు కొనిపోవుదురు. ఈ యూరి ఫెర్రీ యను రేవుకడనే 2015లోఁ బట్టిసీమ యెత్తిపోతలచేఁ బోలవరము కుడికాలువ మీఁదుగా వచ్చిన గోదావరిజలము కృష్ణలోఁ గలిసెను. ఆ చోటికిఁ బవిత్రసంగమమని పేరిడిరి. ఇట్లొక యూరనే యేటి ప్రవాహమును గలదు, తీఁగెల ప్రవాహమును గలదు. ఆంగ్లేయునకు రెండును ‘కరెంట్’ అనియే పేరు. ఇచ్చటివారికి రెండవదియే ‘కరెంటు’. మొదటిదానిని వారెన్నఁడు నట్లు పిలువరు. ఇది యేల యిట్లయినది?

మొదట నాంగ్లశబ్దమును బరిశీలింతము. ‘కరెంట్’ అనఁగా నదీసముద్రముల యందలి జలప్రవాహము, గాలి ప్రవాహము, విద్యుత్ప్రవాహము. విశేషణమైనపుడు జరుగుచున్న కాలమునకుఁ జెందినది యని యర్థము. నాణెముతోఁ జేరినపుడు చెల్లుబడియగునది. అభిప్రాయముతోఁ జేరినపుడు జనులలోఁ బ్రచారమున నున్నది. బ్యాంకులోని ఖాతాతోఁ జేరినపుడు వర్తకుఁడు దినదినమును సొమ్ము వేయుచుఁ దీయుచు నడపుకొనునది. పైకి విడివిడిగాఁ దోఁచు నీ యర్థముల కన్నిఁటికి మూల మొక్కటియే. లాటినుభాషలో ‘కుర్రెరె’ యనఁగాఁ బరుగెత్తుట. ఆ ధాతువు ప్రాచీన ఫ్రెంచిభాష మీఁదుగా నాంగ్లమును జేరెను. నీరు పరుగెత్తును, నాణెము చేతినుండి చేతికిఁ బరుగెత్తును, మాట నోటినుండి నోటికిఁ బరుగెత్తును, ఇంకను నిలువక పరుగిడుచున్న కాలమే వర్తమానము. మన వాడుకకు వచ్చిన కరెన్సీ, కోర్సు, కొరియరు, కారిడారు అను పదములును, గణకయంత్రపుఁ దెరమీఁదఁ గదలు కర్సరును నీ ధాతువు సంతానమే.

ఇది మనకు వింత గాదు. గత్యర్థకమగు ‘సృ’ ధాతువునుండి మనకు సరిత్తు పుట్టినది, సరణి పుట్టినది. ఉపసర్గయోగమున ననుసరణము, ప్రసారము, సంసారము పుట్టినవి. నదియు, దారియు, రేడియోలో వినవచ్చు వార్తయు, ఆలుబిడ్డలతోడి కాపురమును నొక ధాతువునందే కలిసియున్నవి. ధాతువు నెఱిఁగినవాఁ డీ భిన్నార్థములను జూచి బెదరఁడు.

అయినను నిచట నొక వివేకము వలయును. ఆంగ్లమునఁ జిన్న యెండుద్రాక్షకుఁ బేరైన శబ్దమొకటి చెవికి ‘కరెంట్’ వలెనే వినఁబడును. అది గ్రీసుదేశమునందలి కొరింతు పట్టణము పేరునుండి వచ్చినది. పరుగుతో దానికి సంబంధము లేదు. కావున ద్రాక్ష యా శబ్దమునకు మఱొక యర్థము గాదు. అది వేఱొక శబ్దము. వ్యుత్పత్తి యొక్కటియైనచో నేకశబ్దమునకు నానార్థములు. వ్యుత్పత్తి వేఱైనచో ధ్వనిమాత్రముచేఁ గలిసిన భిన్నశబ్దములు. నిఘంటుకారుఁడు మొదట విడఁదీయవలసిన చిక్కిదియే.

ఇఁక ననువాదకుని పని. ఒక్క యాంగ్లపదమున కొక్క తెలుఁగుపదమును గట్టిపెట్టుకొని యెల్లయెడల దానినే ప్రయోగించువాఁడు సముద్రపుఁ బ్రవాహమును విద్యుత్తుగా మార్చివేయఁగలఁడు. అట్లని యెనిమిది యర్థముల కెనిమిది సంస్కృతపదములను గల్పింపఁ బనిలేదు. మన దేశ్యధాతువులే యీ పనిని జిరకాలముగా నెఱవేర్చుచున్నవి. ఏటికి వడి గలదు, కాలువకుఁ బాఱుదల గలదు. ఏఁడు నడుచుచున్నది, విషయము జరుగుచున్నది, నాణెము చెల్లుచున్నది. వీనిలో ‘చెల్లు’ అనుదానిని విశేషించి చూడవలెను. దీనికి సోదరమగు తమిళధాతువు ‘చెల్’ అనుదానికిఁ బోవుట యని యర్థము. నాణెము చెల్లుటకును వా రా ధాతువునే వాడుదురు. అనఁగా లాటినుజనులు నాణెమును బరుగెత్తించినట్లే ద్రావిడజనులు దానిని బోనిచ్చిరి. ఒకరినుండి యొకరు నేర్వకయే రెండు భాషాకుటుంబములు నొక్కభావమును గనుఁగొన్నవి. గత్యర్థకధాతువు నాంగ్లమునఁ గన్పట్టినచోఁ దెలుఁగున గత్యర్థకధాతువును వెదకుట యనువాదమునకు మేలైన మార్గమని దీనివలనఁ దెలియును.

విద్యుదర్థము మాత్రము తక్కినవానివంటిది గాదు. పదునెనిమిదవ శతాబ్దమున యూరపుఖండపు శాస్త్రజ్ఞులు పలువురు విద్యుత్తును గంటికిఁ గానరాని ద్రవమని తలంచిరి. ద్రవమైనచోఁ బాఱవలెను గదా! 1800లో వోల్టా విద్యుద్ఘటమాలను నిర్మించి యెడతెగని విద్యుత్తును జూపెను. 1820లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియరు విద్యుత్పీడనమును విద్యుత్ప్రవాహమును వేఱువేఱని నిరూపించెను. ఆయన పేరే నేఁటికిని బ్రవాహపు మానమునకుఁ బేరు. ఇట్లు నీటికిఁ జెందిన శబ్దము సాదృశ్యముచే విద్యుత్తునకు సంక్రమించినది. ఆలంకారికుల మాటలలో నిది గౌణీలక్షణ.

మన సంస్కృతశబ్దము వేఱొక గుణమును బట్టినది. వి యను నుపసర్గ పూర్వమందుండ ద్యుత్ ధాతువుపైఁ గ్విప్ప్రత్యయము రాఁగా ‘విద్యుత్’ అయినది. విశేషముగాఁ బ్రకాశించునది, మెఱుపు అని యర్థము. పడమటివారు పరుగును జూచిరి. మనవారు వెలుఁగును జూచిరి. ఆకసమందలి మెఱుపు పేరును దీఁగెలోని శక్తికి మార్చుటయు లక్షణయే. కావున ‘విద్యుత్తు’ ముఖ్యార్థమనియు ‘కరెంటు’ అపభ్రంశమనియు వాదించుట శాస్త్రము గాదు. రెండును లక్షణచేఁ దెచ్చుకొన్న పేర్లే.

‘కరెంటు’ తెలుఁగున నెట్టి రూపమును బొందినదో చూతము. అకారాంత సంస్కృత పదమైనచో ‘ప్రవాహము’ వలె మువర్ణకమును దాల్చెడిది. ఇది యట్లు గాక రైలు, బిల్లు, కోర్టు అను పదముల వరుస నుకారమును దాల్చినది. ఆంగ్లమున బహువచన మెంత సహజమో తెలుఁగున నంత యసహజము. వెన్నెల, బంగారము వలె నిది యేకవచనముననే నిలిచినది. రెండు కరెంటులు వచ్చినవని యెవఁడు ననఁడు. తీఁగె, స్తంభము, కోత, మోటారు, పొయ్యి మొదలగు దేశ్యతత్సమాన్యదేశ్యములతో నన్నిఁటితో జంకులేక సమసించుచున్నది. విశేషణార్థములను, జలార్థమును బుట్టినింటనే విడిచి వచ్చినది. ఆంగ్లమున యౌగికము, ఇచ్చట రూఢము.

అంతకంటె వింతయైనది క్రియాయోగము. కృష్ణాడెల్టాలోఁ గాలువకు నీరు వచ్చును. ఇంటికిఁ గరెంటు వచ్చును. నీటిని వదలుదురు, కరెంటును వదలుదురు. నీటికి వంతు గలదు, పొలపు మోటారు కరెంటునకును వంతు గలదు. కాలువ చివరి శివారు పొలమునకు నీరు చాలదు. లైను చివరి యింటికిఁ గరెంటు చాలదు. 1855లో నానకట్టయు, 1957లోఁ బ్రకాశము బ్యారేజియుఁ గట్టఁబడిన యీ ప్రాంతపు రైతు లాటినుధాతువు నెఱుఁగఁడు. ఏటినిఁ గరెంటని పిలువనులేదు. అయినను దీఁగెలోని దానికిఁ గాలువనీటి క్రియలనే కూర్చి, మూలధాతువునందలి పరుగును దనంతటఁ దాను గనుఁగొనెను. ఒక్క క్రియ మాత్రము వేఱు: నీరు పాఱును, కరెంటు కాలును. ‘పెద్ద దీపమునకుఁ గరెంటు మిక్కిలి కాలును’ అనుట యెఱిఁగినదే. ఇది కాలువనుండి వచ్చిన క్రియ గాదు. నూనెదీపమునుండి, కిరసనాయిలు లాంతరునుండి వచ్చినది. వ్యయమయ్యెడి వస్తువు దీపమునఁ గాలునదే గదా! మఱి యాఘాతము తగిలినపుడు వడ కొట్టినట్లే కరెంటు కొట్టినదందురు. ఇట్లు కాలువయు, లాంతరును, ఎండయు నీ యన్యదేశ్యమునకుఁ దమ తమ క్రియల నిచ్చి పెంచినవి. శబ్దమును దెచ్చినవాఁ డాంగ్లేయుఁడు కావచ్చును. దానికి వాక్యమున బ్రదుకు నిచ్చినవాఁడు తెలుఁగువాఁడు.

దీనిపై రెండాక్షేపములు రాఁదగును. మొదటిది శాస్త్రజ్ఞునిది. మన కిండ్లకు వచ్చునది ప్రవాహము గాదు, శక్తి. బిల్లునందు లెక్కించునది కిలోవాటు గంటలు గాని యాంపియరులు గావు. మన దేశమున నీ ప్రవాహము క్షణమునకు 50 పర్యాయములు ముందువెనుకల కూఁగులాడునది గావున నిబ్రహీంపట్నమున బయలుదేఱిన కణమేదియు మన దీపమును జేరదు. కావునఁ ‘గరెంటు వచ్చినది’ యనుట తప్పు. దీనికి సమాధానము గంగలో గొల్లపల్లె యను ప్రసిద్ధోదాహరణమే. నీటిపైఁ బల్లె నిలువదు గావున ముఖ్యార్థము బాధింపఁబడి, తత్సంబంధముచేఁ దీరము తోఁచును. ఇచ్చటను బ్రవాహముతోడి సంబంధముచే శక్తి తోఁచుచున్నది. దర్భలను గోయువాఁ డను వ్యుత్పత్తి గల ‘కుశలుఁడు’ నేర్పరియైనట్లే, రూఢివలన నీ లక్షణ స్థిరపడినది.

రెండవ యాక్షేపము మా వంటి పండితులది: ఇది తెలుఁగు గాదు, గ్రామ్యము. చిన్నయసూరి తెలుఁగుశబ్దములను దత్సమ తద్భవ దేశ్య గ్రామ్యములని నాల్గు తెగలుగా విభజించెను. మన లాక్షణికు లన్యదేశ్యమను దానిని గూడ నెఱుఁగుదురు. రైతు, జిల్లా, దస్తావేజు పారసీకారబ్బీ మార్గమున వచ్చినవి. బొత్తాము, అలమార, మేస్త్రి పోర్చుగీసువారితో వచ్చినవి. అంతదూర మేల? ఇబ్రహీంపట్నము పేరే యరబ్బీనామమునకుఁ బట్టణశబ్దవికృతి చేరిన సమాసము. ఊరి పేరును శుద్ధిచేయఁ బూనువాఁ డూరినే పోఁగొట్టుకొనును. 1854లోనే బ్రౌనుదొర తెలుఁగున వ్యవహరించు నన్యదేశ్యములకుఁ బ్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును బ్రకటించెను. 1936లో మొదటి సంపుటము వెలువడిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువునకుఁ గావ్యప్రయోగములు ప్రధానప్రమాణములు. ఆ మహాకార్యపు లక్ష్య మది. పిమ్మట 1962లో సాహిత్య అకాడమీ వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశమును బ్రారంభించి, రైతు నోటి మాటయుఁ బ్రమాణమే యని నిరూపించెను. ప్రయోగము ముందు పుట్టును, లక్షణము దాని ననుసరించును. వ్యాకరణమును జదువుకొన్నవాఁడు లోకముపైఁ గోపింపఁ దగదు.

అంతమాత్రమున నెట్లు వాడినను సరియే యనుట గాదు. నా ముఖ్యాభిప్రాయ మిచ్చటఁ గలదు. తెలుఁగు ‘కరెంటు’నందే మూఁ డర్థములు చిక్కువడి యున్నవి. ‘కరెంటు పోయినది’ అనునపుడు సరఫరా యని యర్థము. ‘ఆ తీఁగెలోఁ గరెంటున్నది’ అనునపుడు తీఁగెను బట్టియున్న విద్యుత్పీడనము, అనఁగా వోల్టేజి, అర్థము. పాఠ్యపుస్తకములో నాంపియరులతో లెక్కించునపుడు ప్రవాహ మర్థము. ఆంపియరు 1820లో విడఁదీసినవానిని వాడుక మరల నొకటిగా ముడివేసినది.

ఈ ముడివలన నపాయము గలదు. గాలివానకుఁ దీఁగె తెగి చేనిలోఁ బడును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెన వంటి వానిని జూచిన సీమ యిది. గాలివాన లిచ్చట క్రొత్త గావు. ఇంట దీపము లాఱిపోయినవి గావున రైతు ‘కరెంటు పోయినది’ యనును. అది సరఫరా యను నర్థమున నిజము. ఆ వాక్యమునుండియే ‘తీఁగెలోఁ గరెంటు లేదు’ అని యూహించును. ఇది రెండవ యర్థము. దీనికి మొదటిది హేతువు గాదు. ఇంటి తీఁగె తెగియు 11 కిలోవోల్టుల తీఁగె బ్రతికియుండవచ్చును. పొరుగింటి జనరేటరు వెనుకకుఁ దీఁగెను నింపవచ్చును. ఆఁపిన సరఫరాను మరల నిచ్చియుండవచ్చును. మూఁడవ యర్థమునఁ జూచినచో నింకను భయంకరము: త్రెగి వ్రేలాడు తీఁగెలోఁ బ్రవాహ మప్పుడు లేకపోవచ్చును, పీడనము మాత్ర ముండును. ముట్టినవాని దేహమే దానికి దారియైన క్షణమునఁ బ్రవాహము పుట్టును. తార్కికునకు నిది దోషము; చేనిలో నది మరణము.

ఈ వృత్తివారు దీని నెఱిఁగియే యున్నారు. దీపము లాఱినవని చూచి లైనుమనిషి స్తంభ మెక్కఁడు. ‘లైన్ క్లియర్’ అను ననుమతిని బొంది, తీఁగెను బరీక్షించి, భూమితోఁ గలిపిన పిదపనే చేయి వేయవలెనని వారి నియమము. ‘కరెంటు లేదు’ అను లోకవాక్యమును వా రొక నిశ్చయముగా నంగీకరింపరు. శబ్దార్థముల భేదమును మన కంటె వారే జాగ్రత్తగాఁ బాటించుచున్నారు. అపాయసూచనలు వ్రాయువారు ‘విద్యుదాఘాతము సంభవింపవచ్చును’ అని వ్రాయుటకంటెఁ ‘గరెంటు పోయినను దెగిన తీఁగెను ముట్టకుఁడు’ అని వ్రాయుట మేలు. మొదటిది శుద్ధమైన తత్సమవాక్యము. రెండవది వినవలసినవాని చెవికి, వాని భ్రాంతికిఁ దిన్నగా సమాధానము.

ఇఁకఁ గరెంటు అకౌంటు, కరెంటు బుకింగు, కరెంట్ అఫైర్స్ అనునవి. ఇవి తెలుఁగు ‘కరెంటు’నుండి పుట్టినవి గావు, ఆంగ్లసమాసములే సమూలముగా దిగుమతియైనవి. రైలుస్టేషనులోఁ గరెంటు బుకింగు కిటికీ త్వరలో బయలుదేఱు బండి టిక్కెట్టులకు, విద్యుత్తునకుఁ గాదు. సైంధవము తెమ్మనినచో భోజనవేళ నుప్పును బ్రయాణవేళ గుఱ్ఱమును దెచ్చునట్లే, చోటును బ్రక్కనున్న శబ్దమును జూచి జనులు పొరపడక గ్రహించుచున్నారు. భర్తృహరి యర్థనిర్ణయమునకు సాధనములుగాఁ జెప్పిన ప్రకరణము, దేశము, కాలము, శబ్దాంతరసన్నిధి మొదలగునవి రైలుస్టేషనులోను బని చేయుచునే యున్నవి. అయిన నిట్టి వానిని నిఘంటువున విడిసమాసములుగాఁ జూపవలెను గాని ‘కరెంటు’ క్రింద నర్థములుగాఁ బేర్చరాదు.

కావున నిఁకఁ గూర్పఁబడు తెలుఁగునిఘంటువులలో నీ యారోప మిట్లుండఁదగును. కరెంటు: అన్యదేశ్యము, ఉకారాంతము, అమహద్వాచకము, నిత్యైకవచనము. మొదటి యర్థము, విద్యుత్తు సరఫరా. వచ్చు, పోవు, వదలు, కాలు క్రియలతో. రెండవది, తీఁగెయందలి విద్యుత్పీడనము. ఉండు, కొట్టు క్రియలతో. మూఁడవది, శాస్త్రపరిభాషలో విద్యుత్ప్రవాహము. దానిక్రింద నొక హెచ్చరిక: మొదటి యర్థమున లేకపోవుట రెండవ యర్థమున లేకపోవుట గాదు. నిఘంటువునకు హెచ్చరిక యెందుకని కొందఱు నవ్వవచ్చును. శబ్దమును జక్కఁగాఁ దెలిసికొని ప్రయోగించినచో నది యిహపరముల రెంటను గోర్కెలను దీర్చునని మన వైయాకరణుల విశ్వాసము. పరముమాట యెట్లున్నను, ఇహమున దీని ఫలము ప్రత్యక్షముగాఁ గన్పట్టుచున్నది. భాషాభిమానులును నిఘంటునిర్మాతలును దీనిని విచారింతురుగాక.